రేగడి బాటలో మారుతీ జిమ్నీ: కొనడం, వాడడం, భరించడం

మారుతీ సుజుకీ జిమ్నీని మెచ్చుకునేవారి మాటలూ, ఏకిపారేసేవారి మాటలూ కలిపి వింటే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే గుణం గురించేనని తెలుస్తుంది. ఆ గుణం దాని తక్కువ బరువు. కింద ల్యాడర్ ఫ్రేమ్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం), ముందూ వెనకా కుడి ఎడమ చక్రాలను కలిపే గట్టి ఇరుసులు, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఇవన్నీ ఉండి కూడా ఈ బండి ఖాళీగా తూగితే 1200 కిలోల దగ్గరే ఆగుతుంది. బురదలో కూరుకుపోకుండా బయటికి తెచ్చేది ఆ తేలికతనమే, జాతీయ రహదారి మీద పక్కగాలి వీచినప్పుడు స్టీరింగును గట్టిగా పట్టుకునేలా చేసేదీ అదే. కాబట్టి దీన్ని కొనాలా వద్దా అన్నది, బండి బతుకు ఎక్కువగా ఏ దారి మీద గడుస్తుందన్నదాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం.

నా దారి ఏదో ముందే చెప్పడం న్యాయం. ఉద్యోగం హైదరాబాదులో, కంది వేసే పొలం తాండూరు పక్కన. అప్పా జంక్షన్ దాటాక మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పాత మర్రిచెట్ల మధ్య సాగే రోడ్డు, మన్నెగూడ దగ్గర మలుపు, వికారాబాద్ చుట్టుపక్కల ఎర్రమట్టి గుట్టలు, తాండూరు సమీపిస్తున్నకొద్దీ నాపరాయి లారీలు తిరిగి తిరిగి గుల్లబారిన రోడ్లు, ఊరు దాటాక పొలం దాకా నల్లరేగడిలో బండ్ల బాట, ఆ బాట మధ్యలో ఒక ఒర్రె (చిన్న వాగు). ప్రయాణంలో ఎక్కువ భాగం తారు రోడ్డే అయినా, మామూలు కారును ఊళ్లోనే ఆపించేది ఆ చివరి కొద్ది దూరమే. వానాకాలంలో ఇంతకుముందు అక్కడి నుంచి ట్రాక్టరు ఎక్కి వెళ్లేవాళ్లం. ఆ చివరి దూరం కోసమే ఈ బండి కొన్నాను, ఈ సమీక్షనూ అక్కడి నుంచే రాస్తున్నాను.

అయిదు తలుపుల జిమ్నీని 2023 జనవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో తొలిసారి చూపించారు. అదే ఏడాది జూన్ 7న 12.74 లక్షల నుంచి 15.05 లక్షల రూపాయల షోరూమ్ ధరలతో అమ్మకానికి పెట్టారు. జిప్సీ తరం మనుషులకు ఆ ధర మింగుడుపడలేదు. 1985లో మన దేశంలో మొదలైన మారుతీ జిప్సీ సైన్యంలోనూ, పోలీసు శాఖలోనూ, అటవీ శాఖలోనూ దశాబ్దాలపాటు పనిచేసింది. దానికి నాలుగు చక్రాల దగ్గరా కమాను పట్టీలు ఉండేవి, సౌకర్యమన్న మాటే ఉండేది కాదు. జిమ్నీ ఆ వంశానిదే అయినా కాయిల్ స్ప్రింగులు, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏసీ, తాకుతెర అన్నీ చేర్చుకుని పట్నం బండిగా వచ్చింది. పట్నం వాళ్లు దీన్ని పట్నం కార్లతో పోల్చి చూసి, ఇదే డబ్బుకు ఇంతకంటే పెద్ద కారు వస్తుందని పక్కన పెట్టేశారు. ఆ లెక్క తప్పని నేను అనను. తారు రోడ్డు దాటని మనిషికి అది సరైన లెక్కే.

మన దగ్గర పెద్దగా అమ్ముడుపోని ఈ బండి ఎగుమతుల్లో మాత్రం దేశీయ అమ్మకాలను దాటిపోయింది. గురుగ్రామ్‌లో తయారైన ఇదే అయిదు తలుపుల బండిని 2025 జనవరి చివర్లో జపాన్‌లో జిమ్నీ నోమేడ్ పేరుతో ప్రకటిస్తే నాలుగు రోజుల్లో సుమారు 50,000 బుకింగులు వచ్చి, కొత్త బుకింగులను కొంతకాలం ఆపేయవలసి వచ్చింది. జపాన్‌లో కొండలు, మంచు, ఇరుకు సందులు ఎక్కువ కాబట్టి అక్కడ చిన్న ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ శక్తి అందే) బండి నిత్యావసరం. ఇక్కడ మనకు మొదట గుర్తుకొచ్చేది ఇంటిల్లిపాదీ పడతారా లేదా అన్నది.

కొనే ముందు నేను పోల్చి చూసింది మహీంద్రా థార్‌తోనే. 2020 అక్టోబరులో వచ్చిన ఈ తరం థార్ బలమైన బండి. డీజిల్ ఇంజిన్ దొరుకుతుంది, పెట్రోలు టర్బో 150 హార్స్‌పవర్ ఇస్తుంది, నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు. దారిలో నిలబడితే జనం వెనక్కి తిరిగి చూస్తారు. అయితే అది జిమ్నీ కంటే దాదాపు అర టన్ను ఎక్కువ బరువు, వెడల్పు కూడా 1820 మిల్లీమీటర్లు. జిమ్నీ వెడల్పు 1645. రెండు వైపులా కంది చేను వాలి ఉన్న బాటలో ఆ తేడా కాగితం మీద కనిపించినంత చిన్నది కాదు. రాళ్లు, నిట్టనిలువు ఎక్కుడు దారులు ఉన్నవారికి థార్ టార్కు (చక్రాలను తిప్పే బలం) అక్కరకొస్తుంది. నాకున్నది బంకమట్టి. బంకమట్టిలో బరువే మొదటి శత్రువు.

షోరూమ్ అనుభవం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. టెస్ట్ డ్రైవ్‌కు నున్నటి రోడ్డే చూపిస్తారు. గుంతల రోడ్డు మీద కూడా నడిపి చూస్తానని పట్టుబట్టాలి, ఇంట్లో వాళ్లను తప్పనిసరిగా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లాలి. కొన్న తర్వాత వచ్చే సణుగుళ్లలో సగం ఆ పావుగంటలోనే బయటపడతాయి. ధర విషయంలో ఓపిక పట్టడం మంచిది. 2023 డిసెంబరులోనే థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షల నుంచి ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఏడాది చివర్లలో పెద్ద తగ్గింపులు వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారడంతో సెస్సుతో కలిపి 45 శాతం ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. నాలుగు మీటర్లలోపు పొడవున్నా ఇంజిన్ 1200 సీసీ దాటింది కాబట్టి చిన్న కార్లకు వచ్చిన 18 శాతం శ్లాబు దీనికి దక్కలేదు. పైగా లైఫ్ ట్యాక్సు పది లక్షలు దాటిన వర్గంలో పడుతుంది కనుక షోరూమ్ ధరకు రెండు లక్షలకు పైన కలుపుకుని లెక్క వేసుకోవాలి.

ఇన్సూరెన్సులో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. నీళ్లలో దిగి ఇంజిన్‌లోకి నీరు చేరితే మామూలు పాలసీ ఆ నష్టాన్ని భరించదు. ఒర్రెలూ వాగులూ దాటే ఉద్దేశంతో ఈ బండి కొని, ఆ కొద్దిపాటి ప్రీమియం మిగుల్చుకోవడం తెలివైన పని కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీనిలో గేరు లివర్ వెనకాల మరో చిన్న లివర్ ఉంటుంది. మామూలుగా టూ-హైలో ఉంటే ఇంజిన్ శక్తి వెనక చక్రాలకే వెళుతుంది. ఫోర్-హైకి మారిస్తే ముందు చక్రాలకూ అందుతుంది. గంటకు 100 కిలోమీటర్ల లోపు నేరుగా పోతున్నప్పుడు బండి ఆపకుండానే మార్చుకోవచ్చు. ఫోర్-లోకి వెళ్లాలంటే మాత్రం బండిని పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, లివర్‌ను నొక్కి జరపాలి. ఫోర్-లోలో గేర్లన్నీ దాదాపు రెండింతలు దిగుతాయి, అంటే వేగం సగానికి పడి లాగే బలం రెట్టింపవుతుంది. ఈ బండి విషయంలో ఆ సౌకర్యం అలంకారం కాదు. దీనిలోని 1462 సీసీ పెట్రోలు ఇంజిన్‌కు టర్బో లేదు, దాని 134 న్యూటన్ మీటర్ల టార్కు పూర్తిగా అందేది 4000 ఆర్‌పీఎం దగ్గర. అంటే కింది ఆర్‌పీఎంలలో బలం తక్కువ. ఆ లోటును తీర్చేది ఫోర్-లోనే. బురదలో మొదటి గేరులో ఫోర్-హైతో క్లచ్ కాల్చుకునే బదులు, ఫోర్-లోలో రెండో గేరు వేసి యాక్సిలరేటర్ మీద పాదం కదలకుండా పెడితే బండి తన పని తాను చేసుకుపోతుంది.

కొత్తగా కొన్నవారు చేసే ఒక పొరపాటును ఇక్కడ ప్రస్తావించాలి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య ఈ బండిలో డిఫరెన్షియల్ (రెండు వైపులనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. ఫోర్-హైలో పెడితే రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి కాబట్టి, ఆ తేడా ఎక్కడో ఒక చోట జారి సర్దుకోవాలి. మట్టి మీద, తడి గడ్డి మీద అది సులువుగా జారుతుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. భద్రంగా ఉంటుందని ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫోర్-హైలో తిప్పేవారిని చూశాను. అది భద్రత కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు చేటు.

రేగడి సంగతి తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎండాకాలం నోళ్లు తెరిచి పగిలే ఆ నేల, నీరు తాగగానే ఉబ్బి, టైరు గాళ్లలో ఇరుక్కుని, టైరును నున్నటి నల్ల ముద్దగా మార్చేస్తుంది. అక్కడి నుంచి టైరుకు పట్టు ఉండదు, నాలుగు చక్రాలకు శక్తి ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి జారుతాయి. జిమ్నీ అక్కడ నెగ్గుకొచ్చేది రెండు కారణాల వల్ల. ఒకటి, ముందే చెప్పిన తక్కువ బరువు. రెండోది, 195 మిల్లీమీటర్ల సన్నటి టైర్లు. పైన ఉన్న పలచటి బురదను కోసుకుంటూ కింద గట్టిగా ఉన్న పొర దాకా దిగి అక్కడ పట్టు వెతుక్కుంటాయి. వెడల్పాటి టైర్లు వేసుకుంటే చూడడానికి బాగుంటుంది కానీ ఇలాంటి నేల మీద అవి పైపైనే తేలి జారతాయి. ఇసుకలో ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ టైరు గాలి 18 పీఎస్ఐ దాకా దించి, టైరును పరుచుకునేలా చేసి తేలుతూ పోవడమే మేలు. ఒకే బండికి నేలను బట్టి రెండు విరుద్ధ పద్ధతులు అవసరమవుతాయి కాబట్టి చిన్న గాలి పంపు ఒకటి ఎప్పుడూ వెంట ఉండాలి.

అయినా ఈ బండికీ హద్దు ఉంది. ముసురు పట్టి రెండు మూడు రోజులు వదలకుండా కురిసిన తర్వాత రేగడి లోపలి దాకా నానితే, కింద గట్టి పొర అన్నదే ఉండదు. అప్పుడు జిమ్నీ కూడా వెళ్లకూడదు. వాన వెలిసి ఒక పూట ఎండ కాస్తే చాలు, పైన పొర బిగుసుకుని బాట దొరుకుతుంది. మా ట్రాక్టరు నడిపే పెద్దాయన ఈ బండిని మొదటిసారి చూసినప్పుడు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందికి చూసి, "దీని పొట్ట గాడి నడుమ తాకుతది సారూ, గాడిల పెట్టకు, పక్కకు పెట్టి నడుపు" అన్నాడు. ఏ కరపత్రంలోనూ లేని మాట అది, అక్షరాలా నిజం. గట్టి ఇరుసు ఉన్న బండికి నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఎత్తు అన్నది ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ హౌసింగు దగ్గర తేలే లెక్క. ట్రాక్టరు చక్రాలు అంతకంటే లోతైన గాళ్లు చేసిన బాటలో నడిమి మట్టికట్ట ఆ హౌసింగుకు తగులుతుంది. పైగా జిమ్నీ కుడి ఎడమ చక్రాల మధ్య దూరం సుమారు 1400 మిల్లీమీటర్లే కాబట్టి ట్రాక్టరు గాళ్లలో దాని రెండు చక్రాలూ సరిగ్గా కూర్చోవు, ఒకటి గాడిలో ఉంటే మరొకటి కట్ట మీదికి ఎక్కి బండి ఒక వైపు ఒరుగుతుంది. ఒక చక్రం కట్ట మీద, మరొకటి బాట పక్కన గడ్డి మీద పెట్టి పోవడమే పద్ధతి. బండి సన్నగా ఉండడం అక్కడ కలిసొస్తుంది.

గాళ్లలో, గుంతల్లో ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు ఏమవుతుందన్నది ఇలాంటి బండికి అసలు పరీక్ష. మామూలు డిఫరెన్షియల్ శక్తినంతా ఆ తేలిన చక్రానికే పంపి వృథా చేస్తుంది. థార్‌లో కొన్ని రకాలకు వెనక ఇరుసులో లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఇచ్చారు. జిమ్నీలో అలాంటిది లేదు, దాని బదులు వట్టిగా తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, శక్తిని నేల మీదున్న చక్రానికి మళ్లించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది. ఇది పనిచేస్తుంది, కానీ దాని తీరు తెలిసి ఉండాలి. చక్రం తిరగడం మొదలవగానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అది కూడా ఆగిపోతుంది. పాదం అలాగే నిలిపి ఉంచితే టకటకమన్న చప్పుడుతో బ్రేకులు పట్టి వదులుతూ, ఒకటి రెండు క్షణాల తర్వాత బండి ముందుకు కదులుతుంది. మొదట్లో ఆ చప్పుడు విని ఏదో విరిగిందనుకుంటారు. బిగుసుకున్న మట్టి మీద, రాళ్ల మీద ఈ ఏర్పాటు నమ్మదగినది. నాలుగు చక్రాలూ ఒకేసారి జారే మెత్తటి బురదలో మాత్రం దీని వల్ల పెద్ద ప్రయోజనం కనిపించదు.

ఒర్రెలోకి దిగే గట్టు దగ్గర ఈ బండి ఆకారం విలువ తెలుస్తుంది. ముందు బంపరు నేలకు తగలకుండా 36 డిగ్రీల వాలును ఎక్కగలదు, వెనక వైపు 47 డిగ్రీల దాకా ఇబ్బంది లేదు. మధ్యలో మాత్రం 24 డిగ్రీలే. విదేశాల్లో అమ్మే మూడు తలుపుల జిమ్నీతో పోలిస్తే మన బండి ముందు వెనక చక్రాల మధ్య పొడవు 340 మిల్లీమీటర్లు ఎక్కువ. వెనక తలుపులు వచ్చాయి, దానికి బదులుగా బోర్లించిన మట్టి దిబ్బ లాంటి గట్టు దాటేటప్పుడు నడుము రాసుకునే అవకాశం కూడా వచ్చింది. గట్టును నిటారుగా కాక కొంచెం ఏటవాలుగా ఎక్కితే చాలావరకు తప్పించుకోవచ్చు. దిగేటప్పుడు హిల్ డిసెంట్ బొత్తాము నొక్కితే బండి తనంతట తాను బ్రేకు వేసుకుంటూ దిగుతుంది కానీ, నాకు ఫోర్-లో మొదటి గేరులో ఇంజిన్ పట్టు మీద దించడమే ఎక్కువ నచ్చింది. పాదాలు రెండూ ఖాళీగా ఉంటాయి, బండి ఏం చేయబోతోందో ముందే తెలుస్తుంది.

తాండూరు వైపు వచ్చేవారు గమనించవలసినది మరొకటి ఉంది. గనుల చుట్టూ పారబోసిన నాపరాయి ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి. అవి టైరు కింది భాగాన్ని కాదు, పక్క గోడను కోస్తాయి. పక్క గోడ కోసుకుపోయిన టైరుకు పంక్చర్ వేయడం కుదరదు. కంపెనీ ఇచ్చే టైర్లు ప్రధానంగా రోడ్డు కోసం చేసినవి, వాటి గోడలు పలచన. అరిగాక 215/75 ఆర్15 సైజులో ఏటీ (ఆల్ టెర్రెయిన్, అన్ని రకాల నేలలకూ చేసిన) టైర్లు వేయించుకోవడం ఈ బండి యజమానుల్లో మామూలైపోయింది. టైరు వ్యాసంలో తేడా సుమారు పది మిల్లీమీటర్లే, గోడ మాత్రం గట్టిది. వెడల్పు గురించి పైన చెప్పిన అభ్యంతరం దీనికీ కొంత వర్తిస్తుంది. నా బాటలో రాళ్ల బెడద బురద బెడదతో సమానం కాబట్టి ఆ రాజీకి ఒప్పుకున్నాను. వట్టి రేగడిలోనే తిరిగేవారు పాత సైజులోనే ఏటీ టైర్ల కోసం వెతుక్కోవడం మేలు.

ఇప్పుడు తారు రోడ్డు. ఇక్కడ ఈ బండిని వెనకేసుకురావడం కష్టం. స్టీరింగు రీసర్క్యులేటింగ్ బాల్ రకానిది, ఎగుడుదిగుడు నేలల్లో చక్రాలకు తగిలే దెబ్బలు చేతులకు రాకుండా అడ్డుకుంటుంది. దాని ఖరీదు హైవే మీద కట్టాలి. మధ్యలో కొంత ఖాళీగా తిరుగుతుంది, మలుపు తర్వాత తనంతట తాను సూటిగా రాదు, చేత్తో వెనక్కి తిప్పుకోవాలి. మామూలు కారు నడిపి వచ్చినవారికి మొదటి వారం చిరాకు తప్పదు. గంటకు 80 కిలోమీటర్ల దాకా ప్రయాణం హాయిగానే ఉంటుంది. వంద దాటితే ఇంజిన్ హోరు, నిలువుగా ఉన్న అద్దానికి గాలి కొట్టే చప్పుడు, పక్కగాలికి బండి కదలడం, అన్నీ కలిసి మాటలు ఆపించేస్తాయి. 105 హార్స్‌పవర్ కాగితం మీద తక్కువేమీ కాదు, కానీ ఆర్టీసీ బస్సును దాటాలంటే మూడో గేరుకు దించి ఇంజిన్‌ను అరిపించక తప్పదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. నగరం లోపల మాత్రం అదే మేలు.

గట్టి ఇరుసు వల్ల ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రం కూడా కదులుతుంది, కూర్చున్నవారు పక్కకు ఊగుతారు. ఇది లోపం కాదు, ఆ నిర్మాణం స్వభావం. నిదానంగా పోతే గుంత ఎంత లోతుదైనా కింద ఏమీ తగలదన్న ధైర్యం ఉంటుంది, వేగంగా పోతే నడుము నొప్పి ఉంటుంది. మా నాన్నగారు పొలం బాటలో ముందు సీట్లో హాయిగా కూర్చుంటారు కానీ, చేవెళ్ల దాకా వెనక సీట్లో కూర్చోమంటే ఒప్పుకోరు. బ్రేకులు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. ఈ బరువుకు సరిపోతాయి.

చోటు విషయం సూటిగా చెప్పాలి. ఇది నలుగురి బండి, అయిదో మనిషికి సీటూ లేదు, బెల్టూ లేదు. వెనక సీట్లు నిలబెట్టి ఉంటే డిక్కీలో 208 లీటర్ల చోటు, అంటే రెండు చేతిసంచులు, ఒక నీళ్ల క్యాను. సీట్లు మడిస్తే 332 లీటర్లకు పెరుగుతుంది, మందు కొట్టే పంపు, పనిముట్లు, రెండు బస్తాలు పడతాయి. బండి మోయదగిన బరువు మనుషులతో కలిపి సుమారు 340 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కాక మిగిలేది ఒక కంది బస్తాకు సరిపోయే లెక్క. తేలిక బండికి తేలిక బరువే తగును, ట్రాలీ పని దీనితో చేయించాలని చూడకూడదు. వెనక తలుపు స్టెప్నీ టైరును మోసుకుంటూ పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి గోడకు ఆనించి ఆపితే డిక్కీ తెరవడం కుదరదు.

ఖర్చుల్లో పెద్దది పెట్రోలే. ప్రభుత్వ పరీక్షలో మాన్యువల్‌కు లీటరుకు 16.94, ఆటోమేటిక్‌కు 16.39 కిలోమీటర్లుగా తేలింది. హైవే మీద 80 దాటకుండా నడిపితే 14కు కొంచెం అటూ ఇటూ వస్తుంది, నగరంలో 11, 12. ఫోర్-లోలో పొలం పని చేసిన రోజు లెక్క చూడకపోవడమే మంచిది. ట్యాంకు 40 లీటర్లే కనుక దూర ప్రయాణాల్లో బంకులు తరచుగా వెతుక్కోవాలి. డీజిల్ ఉండి ఉంటే అన్న కోరిక నాకూ కలిగింది, కానీ డీజిల్ ఇంజిన్ బరువును ముందు ఇరుసు మీద పెడితే ఇది ఇంకో బండి అయిపోతుంది.

సర్వీసు ఖర్చు తక్కువ. ఈ ఇంజిన్ సియాజ్, ఎర్టిగాల్లో ఏళ్ల తరబడి తిరిగినదే కాబట్టి తాండూరు లాంటి పట్టణంలో కూడా దీని గురించి తెలిసిన మెకానిక్కు దొరుకుతాడు. ఫోర్ బై ఫోర్ భాగాల సంగతి వేరు. నీళ్లలో దిగి వచ్చిన తర్వాత ముందు, వెనక డిఫరెన్షియల్ నూనెలనూ, ట్రాన్స్‌ఫర్ కేస్ నూనెనూ ఒకసారి చూడమని అడగాలి. నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. నేను వెళ్లిన ఒక సర్వీసు కేంద్రంలో అడిగేదాకా ఆ మాట ఎత్తలేదు, అడిగాక కూడా అది జాబితాలో లేదన్నారు. నిలబడి చూపించుకోవలసి వచ్చింది.

రేగడి వల్ల వచ్చే మరో వింత, పొలం నుంచి బయలుదేరి తారు రోడ్డెక్కి వేగం పెంచగానే స్టీరింగు గజగజ వణకడం. చక్రాల రిమ్ముల లోపలి వైపు మట్టి గడ్డకట్టి సమతౌల్యం చెడడమే దానికి కారణం. సస్పెన్షన్ పోయిందని కంగారుపడనక్కర్లేదు. లోపలి నుంచి నీళ్ల పైపుతో కడిగితే వణుకు పోతుంది. ఆరిన రేగడి సిమెంటులా పట్టుకుంటుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడే కడగడం సులువు. ఫ్రేము లోపలి మూలల్లో, ఇరుసు బ్రాకెట్ల వెనక మట్టి నిలిచి తేమ పట్టి ఉంటే కొన్నేళ్లకు తుప్పు పడుతుంది, అందుకే వానాకాలం అయ్యాక బండిని పైకెత్తి అడుగు భాగమంతా కడిగించి తీరాలి.

అలంకారాల గురించి ఒక హెచ్చరిక. ముందు ఇనుప బుల్ బార్ బిగించుకోవడం మీద కేంద్రం 2017 డిసెంబరులోనే అభ్యంతరం చెప్పింది. అది ఉంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు సెన్సార్ల పని తారుమారవుతుంది, ఎదుటి మనిషికి తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది. తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది. ఇవేవీ చెప్పకుండా లిఫ్ట్ కిట్టు, బుల్ బార్, విద్యుత్ వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కలిపి ప్యాకేజీ కట్టి అమ్మే దుకాణాలు నగరంలో ఉన్నాయి. ఆ ఇనుమంతా వంద కిలోలు దాటితే, ఏ తేలికతనానికి డబ్బు పెట్టి కొన్నామో దాన్ని మళ్లీ డబ్బు పెట్టి పోగొట్టుకున్నట్టు. ఒక మంచి టోయింగ్ తాడు, దాన్ని తగిలించే రెండు షాకిళ్లు (ఇనుప కొక్కేలు), పార, గాలి పంపు ఉంటే పొలం బాటకు చాలు. అలాగే, ఫోర్ బై ఫోర్ చేతికి రాగానే అనంతగిరి అడవిలోకో నల్లమలలోకో దూరిపోవాలని చూసేవారు, అనుమతి లేకుండా రిజర్వు అడవిలో బండి తిప్పడం నేరమని తెలుసుకోవాలి. చెరువు శిఖంలో (నీరు నిలిచే నేలలో), ఎదుటివారి చేలో చక్రాల గుర్తులు వేసి వీడియోలు తీసుకోవడం కూడా నాకు ఆఫ్‌రోడింగ్‌గా అనిపించదు.

జిమ్నీలో ఉన్న జీటా, ఆల్ఫా అనే రెండు రకాల్లో ఏది కొనాలని ఎవరైనా అడిగితే, పొలం పనికి జీటా మాన్యువల్ చాలంటాను. ఫోర్ బై ఫోర్ ఏర్పాటు, ఆరు ఎయిర్‌బ్యాగులు, హిల్ డిసెంట్ రెండింటిలోనూ ఒకటే. ఆల్ఫాలో పెద్ద తెర, ఎల్ఈడీ హెడ్‌ల్యాంపులు, వాటిని కడిగే నీటి చిమ్ములు, క్రూజ్ కంట్రోల్, అల్లాయ్ చక్రాలు అదనం. వీటిలో రాత్రి ప్రయాణాలు ఎక్కువగా ఉన్నవారికి దీపాలు మాత్రం నిజంగా పనికొస్తాయి. చక్రాల విషయంలో జీటాదే పైచేయి. నాపరాయి అంచుకు కొట్టుకుని వంగిన ఇనుప రిమ్మును తాండూరులో ఏ టైరు షాపులోనైనా సుత్తితో సరిచేయించుకుని గంటలో బయలుదేరవచ్చు, పగిలిన అల్లాయ్ కోసం హైదరాబాదు దాకా వెళ్లాలి.